గట్టు పక్క మూడు సాళ్ళు

మా పద్నాలుగు మంది మిరపకాయల్లో పురుగుమందు ఉందని కాగితం వచ్చింది ఒక గురువారం నాడు. రెండువేల ఏడు, జనవరి నెలాఖరు. గురువారం మా సంఘం కూడే రోజు కాబట్టి అందరం సుబ్బరావమ్మ పిన్ని పంచలో చాపల మీద కూర్చుని ఉన్నాం. వినుకొండ నుంచి స్కూటీ మీద వచ్చే శ్రీదివ్య మేడం ఎప్పుడూ రాగానే మంచినీళ్ళు అడిగేది. ఆవేళ గ్లాసు చేతికిచ్చినా పక్కన పెట్టేసింది.

"ఎవరో మందు కొట్టారండీ," అంది. "అందరి కాయలూ కలిపి పంపాం కదా, ఎవరి చేలోదో కాగితంలో ఉండదు. కొట్టిన మాట మాత్రం నిజం."



ఆ ఏడు మందు లేకుండా మిరప పండిస్తామని మేం పద్నాలుగు మందిమి పూనుకున్నాం. మా చుట్టుపక్కల పూతకో మందు, కాతకో మందు, ముడత కనపడితే రెండు మందులు కలిపి కొట్టడం తప్ప ఇంకో రకం సేద్యం ఉంటుందని కూడా ఎవరూ అనుకోని రోజులవి. మందు లేని కాయ కావాలని హైదరాబాదు నుంచి ఒక మసాలా కంపెనీ వాళ్ళు ముందుకొచ్చారు. శ్రీదివ్య పనిచేసే సంస్థ మాకూ వాళ్ళకూ మధ్య నిలబడింది. షరతు ఒకటే. పద్నాలుగు మందిదీ ఒకే రాశి. ఒక్కరిది చెడితే అందరిదీ చెడినట్టే.

"రెండు వారాలు టైం ఇచ్చారు," అంది శ్రీదివ్య. "ఆ ఒక్కరెవరో తేలితే వాళ్ళవి పక్కన పెట్టి మిగతావి మళ్ళీ పరీక్షకి పంపొచ్చు. తేలకపోతే అందరివీ మామూలు కాయల్లో కలిపి గుంటూరు యార్డుకి తోలుకోవడమే."

ముందు వారం దాకా ఒకరు కాచిన వేప కషాయం ఇంకొకరం బిందెతో అడిగి పట్టుకెళ్ళిన వాళ్ళం. ఆ మాట విన్నాక ఒకరినొకరం ఓరగా చూసుకున్నాం. పక్కనున్న వెంకటరావమ్మ చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని కొంచెం ఎడంగా జరిగింది. నేనూ అందరినీ చూశాను. నా చూపు తిన్నగా జైతున్‌బీ మీద ఆగింది.

జైతున్‌బీ చేను మా చేనుకి పడమటి పక్క. మధ్యలో ఉన్నది గట్టొక్కటే. తనది ఎకరం కౌలు. మొగుడు మాబు చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనికి వెళ్ళి పదిహేను రోజులకోసారి వచ్చిపోయేవాడు. దుక్కి దున్నించిన దగ్గర్నించి కాయ కోసేదాకా అన్నీ తనే. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది.

నా అనుమానం ఆ రోజు పుట్టింది కాదు. ఆమె తమ్ముడు బాజీ వినుకొండలో ఒక మందుల కొట్లో గుమస్తా. డిసెంబరులో రెండుసార్లు అతని బండి వాళ్ళ గట్టు మీద ఆగి ఉండటం చూశాను. వెనక క్యారేజీకి నీలం డబ్బా కట్టి ఉంది, మూత చుట్టూ గుడ్డ బిగించి. "బాగున్నావా అక్కా" అన్నాడు గాని డబ్బాలో ఏముందో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడక్కపోబట్టి నెలన్నర పాటు అది నా మనసులో పెరుగుతూ కూర్చుంది.

పైగా జనవరి రెండో వారంలో మా చెల్లెలి కాన్పుకని అద్దంకి వెళ్ళి అయిదు రోజులుండి వచ్చాను. వచ్చిన మర్నాడు చేలో అడుగు పెట్టగానే ముక్కు పుటాలు అదిరాయి. మిరప పండించే ఇంట పుట్టిన ఎవరికీ ఆ వాసన ఫలానాదని చెప్పక్కర్లేదు.

కల్లంలో కాయలు తిరగేస్తున్న మా ఆయన నాగేంద్రాన్ని అడిగాను. "ఏమయ్యా, మందు వాసనొస్తోందేంటి?"

"ఆ పక్కనెవరో కొట్టుంటారు," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ పక్కన అంటే నాకు జైతున్‌బీ చేనే.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. వారం వారం ఎవరి చేలో వాళ్ళం ఇరవై మొక్కలు వంచి, ఆకులు తిప్పి చూసి, సాలీళ్ళెన్ని, అక్షింతల పురుగులెన్ని, లద్దెపురుగులెన్ని అని పుస్తకంలో రాయాలి. పురుగుని తినే పురుగు చేలో ఉన్నంతకాలం మందు అక్కర్లేదనేది మేం ఆ ఏడు నేర్చుకున్న చదువు. నవంబరులో నా చేలో ఒక్కో మొక్కకీ ఒక సాలీడైనా ఉండేది. అద్దంకి నుంచి వచ్చిన వారం సాలీళ్ళ గడిలో సున్నా పెట్టాను. పెంచుకున్న కోళ్ళని ఎవరో ఎత్తుకుపోయినంత కడుపు మండింది.

అందుకే ఆ గురువారం పంచలో నేనే నోరు విప్పాను.

"నా చేలోకి వాసన వచ్చింది. వచ్చిందంటే పక్క చేలో కొట్టబట్టేగా?" అన్నాను. పేరు చెప్పలేదు. కానీ అందరి మొహాలూ ఒక్కసారే జైతున్‌బీ వైపు తిరిగాయి.

"నేను కొట్టలేదక్కా," అంది జైతున్‌బీ.

"మరి మీ బాజీ తెచ్చే డబ్బా ఏంటి?"

"అందులో ఆవు పంచితం. మా ఇంట్లో గొడ్డు లేదు గదా. పేడ ద్రావణం కలపాలంటే నాకెక్కడిది? వాడు వినుకొండలో పాలోళ్ళింట్లో పట్టించి తెస్తున్నాడు."

వెంకటరావమ్మ ఫక్కున నవ్వింది. "మందుల కొట్టోడు పంచితం మోసుకొస్తున్నాడా? మన ఊళ్ళో ఆవులే లేనట్టు!"

ఇంకో ఇద్దరు నవ్వారు. శ్రీదివ్య, "ఆగండి, రుజువు లేకుండా ఎవరినీ అనొద్దు," అంది గాని, సుబ్బరావమ్మ పిన్ని అప్పటికే పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. పిన్ని మా సంఘానికి పెద్ద. "కోటమ్మ నోట అబద్ధం రాదమ్మా. నాకు తెలుసు," అంది. ఆ కోటమ్మని నేనే.

జైతున్‌బీ కొంచెంసేపు ఎదురుచూసింది. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూసినట్టుంది. ఎవరూ అనలేదు. లేచి, చెప్పులు వేసుకుని, గేటు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

మాట ఊరంతా పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. శనివారానికల్లా ఆమెకి కౌలుకిచ్చిన ఆసామి చెవిన పడింది. పేచీలున్న మనిషికి పొలం ఇవ్వనని, వచ్చే ఏటికి ఇంకొకరికి మాటిచ్చేశాడు. ఆ సంగతి నీళ్ళ దగ్గర విన్నప్పుడు నాకు ఒక్క క్షణం ఎక్కడో కలుక్కుమంది. కానీ తప్పు చేసింది, అనుభవిస్తోంది అనుకున్నాను. అనుకుని బిందె ఎత్తుకున్నాను.

ఆదివారం శ్రీదివ్య సుబ్బరావమ్మ పిన్ని వాళ్ళింటికి ఫోన్ చేసింది. వాసన వచ్చిందన్నంత మాత్రాన కంపెనీ వాళ్ళు ఒప్పుకోరట. జైతున్‌బీ చేలో కూడా ఇరవై మొక్కలు చూసి లెక్క రాయమంది. సాలీళ్ళు లేకపోతే అదే రుజువు.

"నేను చూసొస్తా పిన్నీ," అన్నాను.

సోమవారం పొద్దున పది గంటలకి గట్టు దాటాను. జైతున్‌బీ ఆవేళ ఎవరి చేలోకో కాయ కోతకి కూలికి వెళ్ళింది. దూరంగా బోరు చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. దొంగతనానికి వచ్చినట్టు అనిపించింది. చేను మధ్య నుంచి మొదలుపెట్టాను.

మొదటి మొక్క వంచాను. ఆకు కింద రెండు సాలీళ్ళు. రెండో మొక్కలో ఒకటి, కొమ్మల సందున గూడు కూడా. మూడో దాంట్లో అక్షింతల పురుగు, ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలు, ఆకు పేను నములుతూ నన్ను లెక్కచేయలేదు. ఎక్కడో పొరపాటు చూస్తున్నాననుకుని ఇంకో సాలులోకి వెళ్ళాను. అక్కడా ఉన్నాయి. చేను చుట్టూ వేసిన జొన్న కంకుల మీద పిట్టలు వాలి లేస్తున్నాయి. పాతిన పుల్లల మీద రెట్టలు. పండాకు కింద చచ్చి నల్లబడ్డ లద్దెపురుగు తోలు ఒకటి కనపడింది. చచ్చిపోయిన చేను చూద్దామని వచ్చాను. అది నా చేనుకంటే పదింతలు బతికి ఉంది.

చూసుకుంటూ చూసుకుంటూ తూర్పుకి, మా గట్టు వైపు వచ్చాను. గట్టు ఇంకా మూడు సాళ్ళు ఉందనగా సాలీళ్ళు ఆగిపోయాయి. ఆ మూడు సాళ్ళలో ఇరవై మొక్కలు చూశాను. మళ్ళీ ఇరవై చూశాను. ఒక్కటి లేదు. గూళ్ళు ఉన్నాయి, ఖాళీగా వేలాడుతున్నాయి.

నిలబడ్డాను. గాలి వీస్తోంది. పైట చెంగు జారి నా వెనక్కి, పడమటికి ఎగురుతోంది. కార్తీకం వెళ్ళిన దగ్గర్నించి మా ఊళ్ళో గాలి తూర్పు నుంచే. చిన్నప్పటి నుంచి ఆ గాలికే కల్లంలో తాలు ఎగరబోశాం. పడమటి చేలో కొట్టిన మందు ఆ గాలికి ఎదురొచ్చి మా చేలో ఎలా పడుతుంది? ఆ మాట నాకు తట్టలేదు. పంచలో కూర్చున్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ తట్టలేదు.

పుస్తకం మూసి, గట్టు దాటి, ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. కంచం పెట్టాను. గోంగూర, పప్పు. నాలుగు ముద్దలు తిన్నాక అడిగాను.

"నేను అద్దంకి వెళ్ళినప్పుడు మందు కొట్టావా?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపాడు. మెతుకు మిగలకుండా తిని, కంచం ముందుకి జరిపి, "పెరుగుందా?" అన్నాడు.

పెరుగు వేశాను. తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. నేను గడపలో కూర్చున్నాను.

"ఎన్నిసార్లు?"

"మూడు. నువ్వు ట్రైనింగని మూడు రోజులు వెళ్ళావే, అప్పుడొకసారి. డిసెంబరులో మీ అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడొకసారి. మొన్నొకసారి."

"నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"చెప్తే కషాయం కాస్తానంటావు." తువ్వాలు భుజం మీంచి తీశాడు. "లద్దె కనపడింది కోటమ్మా. నాలుగు మొక్కల్లోనే. అన్న చేలో కూడా ముందు నాలుగు మొక్కలేగా."

మా బావగారి సంగతి అది, ఆయన అన్న. తొంభై ఎనిమిదిలో పత్తి మీద పచ్చపురుగు పడితే ఆయన కొట్టని మందు లేదు. ఒక్కటీ పనిచేయలేదు. ఆఖరికి మిగిలిన డబ్బా తీసుకుని చేలోకి వెళ్ళాడు. ఆ శవాన్ని బండి మీద వేసుకొచ్చింది మా ఆయనే. పురుగు చావనిది మందు కొట్టకపోబట్టి కాదని ఆయనకీ తెలుసు. తెలిసినా, పురుగు కనపడితే ఆయన చేతులు మందు కొట్టే పంపు కోసమే వెతుకుతాయి.

"ముందటేడు నువ్వు కూడా మందు కొడుతూ సాల్లోనే పడిపోయావు," అన్నాను. "రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అందుకేగా నేను ఈ సంఘంలో చేరింది."

"నేను పడితే లేచాను. పంట పడితే లేస్తామా?"

ఇంకోటి అడిగాను.

"జైతున్‌బీని నలుగురిలో అన్నానని నీకు తెలుసు. దాని కౌలు పోయిందనీ తెలుసు. నాలుగు రోజుల్నించి నా ముందు కూర్చుని అన్నం తింటున్నావు."

మా ఆయన తువ్వాలు మడిచాడు. విప్పి మళ్ళీ మడిచాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన మాటని నేను రెండోసారి అడిగి ఎరగను. ఆ రోజు తర్వాత అడక్కుండా ఉన్నదీ లేదు.

సాయంత్రం సుబ్బరావమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిన్ని చేటలో బియ్యం ఏరుతోంది. అంతా విని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పబాకు. మీవి మూడెకరాలు, దానిది ఎకరం. మీ కాయ పోతే రాశిలో పెద్ద వాటా ఎగిరిపోతుంది, కంపెనీ వాడు లారీ కూడా పంపడు. అదెట్లాగూ పేరు పడ్డ మనిషి. మీ మొదటి కోత కాయ పక్కకి తీసేసి, తర్వాతి కోత కలుపుదాం. ఎవరికి తెలుస్తుంది?"

"తర్వాతి కోత మీద కూడా కొట్టాడు పిన్నీ. మొన్ననే."

"శాంపిల్ తీసేది మనమేగా." మళ్ళీ బియ్యంలోకి తల వంచింది. "నీ సంసారం సంగతి కూడా చూసుకోవాలమ్మాయ్. మొగుణ్ణి బజార్న పెట్టిన దానివవుతావు."

ఆ మాట నిజంగానే నన్ను పట్టి ఆపింది. ఒప్పుకోడానికి సిగ్గేస్తుంది గాని, మంగళవారం, బుధవారం రెండు రోజులూ పిన్ని చెప్పిందే సబబేమో అనుకుంటూ గడిపాను. పిన్ని ఈ మాట ఇంకెవరితోనైనా ఎప్పుడైనా ఇలాగే అని ఉంటుందా అని కూడా అనుమానం వచ్చింది. రాశిలో ఎవరి కాయ ఎలాంటిదో ఇక దేవుడికే తెలియాలి అనిపించింది. అలా అనిపించాకే తేల్చుకున్నాను.

గురువారం పంచలో నా పుస్తకం శ్రీదివ్య చేతిలో పెట్టాను. "మందు కొట్టింది మా చేలో. జైతున్‌బీ చేలో గట్టు పక్క మూడు సాళ్ళు చచ్చింది కూడా మా మందుకే. మా కాయలు తీసెయ్యండి," అన్నాను. పిన్ని నా వైపు చూడలేదు. వెంకటరావమ్మ, "అయ్యో, మరి ఆ పిల్లనెట్లా అన్నావే?" అంది, తను నవ్వలేదన్నట్టు.

శ్రీదివ్య ఈసారి ప్రతి చేలోకీ తనే వెళ్ళి, తన చేత్తో కాయలు తీసి విడివిడిగా కవర్లు కట్టి పంపింది. పన్నెండు మందివీ శుభ్రంగా ఉన్నాయని కాగితం వచ్చింది. పదమూడో కవరు లేదు. జైతున్‌బీ తన కాయ ఇవ్వనంది.

అంతకుముందే, గురువారం సాయంత్రమే ఆమె కల్లానికి వెళ్ళాను. పట్టా మీద కాయలు పోసుకుని తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేను నిలబడే చెప్పాను. తప్పయిపోయిందన్నాను. మా ఆయన చేసింది చెప్పాను. ఆసామి దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చాననీ, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనన్నాడనీ చెప్పాను.

ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"నువ్వన్నందుకు కాదక్కా," అంది చివరికి. "నువ్వు పొరబడ్డావు. పొరబడ్డానని వచ్చి చెప్పావు. మిగతావాళ్ళు ఉన్నారే, అందరి చేలూ నా చేనుకి కేక వేస్తే వినపడేంత దూరం. ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఒక్క ఆకు తిప్పి చూడలేదు. నీ మాట చాలింది వాళ్ళకి. నా మాట చాల్లేదు."

"వచ్చే ఏడు మళ్ళీ సంఘంలోకి రా. అందరితో నేను చెప్తా."

"మందు లేకుండానే పండిస్తా. పొలం దొరికితే. అది మీ సంఘం కోసం నేర్చుకోలేదు. మీ రాశిలో మాత్రం పొయ్యను."

ఫిబ్రవరిలో పన్నెండు మంది కాయలతో కంపెనీ లారీ వెళ్ళింది. మా టిక్కీ బస్తాలు ట్రాక్టరు మీద యార్డుకి వెళ్ళాయి. జైతున్‌బీవి కూడా అదే యార్డుకి, బాజీ మాట్లాడిన ఇంకో ట్రాక్టరు మీద. మందు కొట్టిన కాయా కొట్టని కాయా అక్కడ ఒకే ధరకి పోయాయి.

మార్చిలో, ఆఖరి కోత అయ్యాక, ఒక పొద్దున్న మా ఆయన చొక్కా వేసుకుని, "నువ్వూ రా," అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. జైతున్‌బీ గట్టు మీద పశువుల గడ్డి కోసుకుంటోంది. ఎవరికి అమ్ముతోందో మరి. మా ఆయన ఆమెకి నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"గట్టు పక్క ఎకరం నువ్వు చేసుకో," అన్నాడు. "కౌలు అందరిచ్చేదే ఇయ్యి. అందులో నేను పంపు పెట్టను. దాన్ని ఆనుకుని ఉన్న నా మూడు సాళ్ళలోనూ పెట్టను."

క్షమించమనే మాట ఆయన నోట రాలేదు. ఆ మనిషికి అది రాదు.

జైతున్‌బీ కొడవలి కింద పెట్టింది. మా చేలోకి దిగి, నాలుగు చోట్ల మట్టి తవ్వి చూసింది. మూడు చోట్ల ఏమీ లేదు. నాలుగో చోట ఒక వానపాము దొరికితే అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ మట్టిలో కప్పెట్టింది. అంతసేపూ మా ఆయన ఎండలో గట్టు మీద అలాగే నిలబడ్డాడు.

"ఒక్క ఏడాదికి ఈ నేల తిరగదు," అంది వెనక్కి వచ్చి. "మూడేళ్ళకైతే తీసుకుంటా."

"సరే, మూడేళ్ళు. నా మాట."

"మాటొద్దు. కాగితం రాసియ్యి. అందులో పంపు సంగతి కూడా రాయి. అక్క కూడా సంతకం పెట్టాలి."

మా ఊళ్ళో కౌలుకి కాగితం రాసుకున్న వాళ్ళు అప్పటికి లేరు. అడిగితే అవమానం కింద లెక్క. మా ఆయన మొహం ఎర్రబడింది. నా వైపు చూశాడు.

"పద," అన్నాడు జైతున్‌బీతో. "ఊళ్ళో ఆ ఖాజాబీ కిరాణా కొట్లో కాగితాలు ఉంటాయి."